పాడైంది అంటే ఏమైంది?

తెలుగులో "పాడైంది" అనే మాటకు పని ఎక్కువ. పెరుగు పాడవుతుంది, రోడ్డు పాడవుతుంది, చెడు సావాసం పడితే కుర్రాడు పాడవుతాడు, కంప్యూటర్ కూడా పాడవుతుంది. జరగకూడనిది ఏదో జరిగిందని వినేవాళ్ళకు తెలుస్తుంది గానీ ఏం జరిగిందో తెలియదు. పెరుగు సంగతిలో అంతమాత్రం తెలిస్తే చాలు, పారబోస్తాం. పోయిన దీపావళి రోజుల్లో సూరత్‌లోని మా క్వార్టర్స్‌లో ఒక కొత్త కంప్యూటర్ ఇలాగే పాడైంది. ఆ వ్యవహారంలో నేనూ ఉన్నాను. నేను తెలుగు చెప్పే టీచర్ని, స్క్రూడ్రైవర్‌తో నాకు పెద్దగా పరిచయం లేదు. అయినా ఆ రెండు వారాల్లో నా పాలికి వచ్చిన పని నా సబ్జెక్టు పనే.

కంప్యూటర్ మా పై అంతస్తులో ఉండే పన్నెండో తరగతి అమ్మాయిది. వాళ్ళ నాన్నగారిది మనందరి ఇళ్ళలాగే బదిలీల ఉద్యోగం, సూరత్ వాళ్ళకు నాలుగో ఊరు. కంప్యూటర్ సైన్స్ ప్రాక్టికల్‌కు 30 మార్కులు, అందులో ప్రాజెక్టు కూడా ఉంది. పైథాన్, మైఎస్‌క్యూఎల్‌తో చేయాలి. లాప్‌టాప్ కొనే డబ్బుకు అంతకన్నా మంచి డెస్క్‌టాప్ బిగించుకోవచ్చని ఆ అమ్మాయి మూడు నెలల పాటు కాగితం మీద లెక్కలు వేసి తండ్రిని ఒప్పించింది. దసరా సెలవుల్లో విడిభాగాలు వచ్చాయి. ఐదో తరగతి చదివే తమ్ముడు టార్చి పట్టుకుంటే, భోజనాల బల్ల మీద ఒక్క సాయంత్రంలో తనే బిగించేసింది. నాలుగు రోజులు చక్కగా నడిచింది. ఐదో రోజు నుంచి తెర ఉన్నట్టుండి నల్లబడటం మొదలైంది.

దుకాణానికి తీసుకెళ్ళారు. అక్కడ రోజంతా నడిపి చూసి, ఇక్కడ బాగానే ఉంది కదా అన్నారు. ఇంటికి తెస్తే మళ్ళీ అదే. రెండోసారి తీసుకెళ్ళినా దుకాణంలో బాగానే నడిచింది. దాంతో నాన్నగారు ఒక నిర్ణయానికి వచ్చారు: దుకాణంలో రాని జబ్బు ఇంట్లో వస్తోందంటే అమ్మాయే ఏదో చేస్తోంది, లేదా బిగించడంలోనే తేడా ఉంది. ఆయన కోపిష్ఠి మనిషి కాదు. డబ్బు పోయిందని బాధ, అంతే. "దీపావళి తర్వాత వచ్చే ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే వచ్చిన కాడికి ఇచ్చేసి లాప్‌టాప్ తెస్తాను. ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్సే తీసుకుంటానంటున్నావుగా, ఆ సంగతి కూడా అప్పుడే ఆలోచిద్దాం" అన్నారట. ఈ చివరి మాట విన్నాకే అమ్మాయి మా ఇంటికి వచ్చింది.

"పాడైంది మేడమ్."

"పాడైందంటే ఏమైందమ్మా?"

"పని చేస్తుంటే ఆగిపోతోంది."

"ఆగిపోతోందా, ఆరిపోతోందా?"

ఏడుస్తున్నప్పుడు కూడా తప్పులు దిద్దే టీచరేమిటన్నట్టు చూసింది. కానీ ఆ రెండూ ఒకటి కావు. తెర మీది బొమ్మ ఉన్నదున్నట్టు నిలిచిపోయి మౌస్ కదలకపోతే అది ఆగిపోవడం. తెర నల్లబడి, లోపలి ఫ్యాను చప్పుడు కూడా పోయి, మనం బటన్ నొక్కేదాకా లేవకపోతే ఆరిపోవడం. నల్లబడిన మరుక్షణం తనంతట తానే మళ్ళీ మొదలైతే దానికి రీస్టార్ట్ అనే మాట మన ఇళ్ళల్లో స్థిరపడింది, దాన్నే వాడుకుందాం. నీలం తెర మీద తెల్ల అక్షరాలు కనిపించి ఆ తర్వాత మొదలైతే అది నాలుగోది. నీలం తెర వస్తే సాధారణంగా డ్రైవర్లనో మెమరీనో అనుమానించాలి. ఏ కబురూ లేకుండా తెర నల్లబడితే ముందుగా కరెంటు వచ్చే దారినే పట్టుకోవాలి. నాలుగింటినీ కలిపి పాడైంది అంటే వెతికేవాడికి ఏ గుమ్మం తట్టాలో తెలియదు.

రఫ్ నోట్‌బుక్‌లో గళ్ళు గీయించాను. తేదీ, సమయం, తను ఏం చేస్తుండగా, ఈ నాలుగు మాటల్లో ఏది. ఐదో గడి కూడా ఒకటి పెట్టమన్నాను: ఇంట్లో మిగతావాళ్ళు ఏం చేస్తుండగా. "వాళ్ళు కంప్యూటర్ ముట్టుకోరు మేడమ్" అంది. ముట్టుకోకపోయినా రాయమన్నాను.

రాస్తూనే లోపల కూడా వెతికింది. అది నేను పక్కన కూర్చుని చూశాను, చూడముచ్చటగా ఉంది. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనిచ్చాకే చేయి పెట్టింది. ర్యామ్ ముక్కలు రెండూ తీసి, మళ్ళీ టిక్కుమనేదాకా నొక్కింది. మదర్‌బోర్డుకు వెళ్ళే 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్‌కు విడిగా వెళ్ళే 8 పిన్నుల కేబుల్ గట్టిగా కూర్చున్నాయో లేదో చూసింది. ఈ రెండోది మూలన ఉంటుంది కాబట్టి కొత్తగా బిగించేవాళ్ళు సగం దూర్చి వదిలేయడం మామూలేనట. మదర్‌బోర్డు కింద ఇత్తడి కాళ్ళు ఉంటాయి. అవి ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట ఒకటి మిగిలిపోయినా బోర్డు వెనకవైపు రేకుకు తగిలి షార్ట్ కావచ్చు. అవి లెక్క సరిపోయాయి. క్యాబినెట్ ముందువైపు రీసెట్ బటన్ ఉంటుంది కదా, అది లోపల ఇరుక్కుపోయి ఎవరూ నొక్కకుండానే రీస్టార్ట్ చేయించే అవకాశం ఉందని, దాని సన్నటి తీగల జతను బోర్డు నుంచి పీకేసి ఒకరోజు నడిపింది. ఫలితం లేదు. వేడెక్కుతోందేమోనని బయోస్‌లో చూసింది, 50 డిగ్రీలు దాటలేదు. పైగా ప్రాసెసర్ మరీ వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది, ఇంకా పెరిగితే ఆరిపోతుంది, ఇలా నిమిషం క్రితం చల్లగా ఉండి ఇప్పుడు రీస్టార్ట్ కాదు. ఎస్ఎంపీఎస్ 450 వాట్లది, గ్రాఫిక్స్ కార్డు లేని ఆ మిషనుకు అందులో సగం కూడా అవసరం లేదు. ఎస్ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం తను తెరవలేదు, మీరూ తెరవొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ నిలిచి ఉండవచ్చు.

ఒకసారికి ఒక్కటే మార్చడం ఆ అమ్మాయి పెట్టుకున్న నియమం. తమ్ముడికి అది నచ్చలేదు. అన్నీ ఊడబీకి మళ్ళీ పెడితే బాగైపోతుందని వాడి సిద్ధాంతం. బాగైపోవచ్చు కూడా, కానీ దేనివల్ల బాగైందో తెలియదు.

విండోస్‌లోనూ ఒక చిట్టా ఉంటుంది, ఈవెంట్ వ్యూయర్ అంటారు. అందులో ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో పడింది. దుకాణం కుర్రాడు అది చూసి ఎస్ఎంపీఎస్ పోయినట్టే అన్నాడట. నిజానికి ఆ 41 చెప్పేది ఒక్కటే: పోయినసారి నన్ను పద్ధతిగా షట్‌డౌన్ చేయలేదు అని. ఎందువల్లో అది చెప్పదు. లోపం వస్తే దానంతట అదే రీస్టార్ట్ కావాలనే టిక్కు ఒకటి విండోస్‌లో ముందే పెట్టి ఉంటుంది. నీలం తెర కనబడకుండా పోతోందేమోనని అది కూడా తీసేసింది. అయినా నీలం తెర రాలేదు, నలుపే.

వారానికి నోట్‌బుక్‌లో తొమ్మిది వరసలు నిండాయి. ఆరు రీస్టార్టులు, మూడు ఆరిపోవడాలు. తొమ్మిదిలో ఏడు సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్యవే.

అది చూడగానే నాన్నగారికి కారణం దొరికినట్టయింది. సాయంత్రం అందరూ ఏసీలు వేస్తారు, చుట్టూ ఉధ్నాలో, లింబాయత్‌లో వేల మరమగ్గాల మోటార్లు తిరుగుతుంటాయి, వోల్టేజ్ పడిపోతోంది, స్టెబిలైజర్ కొందాం అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. సూరత్ గురించి తెలిసినవాళ్ళెవరికైనా ముందు అదే తోస్తుంది.

దాన్ని తేల్చిన మనిషి లింబాయత్‌లో ఉండే ఒక సిరిసిల్ల పెద్దాయన. మీలో కొందరికి తెలియకపోవచ్చు గానీ, సూరత్ మరమగ్గాల మీద బతికే తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మనం ఆర్డరు చేతికొస్తే ఈ ఊరు వచ్చాం, వాళ్ళు పని వెతుక్కుంటూ వచ్చారు. ఈయన నాకు బతుకమ్మ ఆటల దగ్గర పరిచయం. దీపావళి శుభాకాంక్షలు చెప్పడానికి వెళ్ళినప్పుడు మాటల్లో కంప్యూటర్ సంగతి వచ్చింది.

"సాంచె ఆగితే ముందుగాల ఏం జూస్తం టీచరమ్మా? అన్నీ ఆగినయా, ఒక్కటే ఆగిందా అని. అన్నీ ఆగితే కరెంటు. ఒక్కటే ఆగితే పేక పోగు తెగిందో, కండె అయిపోయిందో. ఆగకుంట బట్టల సన్నగ గీత వడుతుందంటే పడుగు పోగు తెగినట్టు" అన్నాడు. సిరిసిల్ల వైపు మరమగ్గాన్ని సాంచె అంటారు. పేక తెగితే మగ్గాన్ని ఆపేసే చిన్న ఫోర్కు ఏర్పాటు దానికి ఉంటుంది. పాతరకం మగ్గాల్లో పడుగుకు అలాంటిది ఉండదు, అందుకే తెగినా నడుస్తూనే ఉంటుంది. నేను ఆ అమ్మాయితో గంటసేపు కూర్చుని పేర్లు పెట్టించిన తేడాలు ఆయన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. తర్వాత ఆయనే అడిగాడు: "దివిలికి ఖాతాలన్నీ బందున్నయి గదా. ఇప్పుడు గూడ ఆగుతుందా మీ మిషను?"

ఖాతా అంటే సూరత్‌లో మగ్గాల షెడ్డు. దీపావళికి ఇక్కడ మగ్గాలు, బట్టల మార్కెట్లు రోజుల తరబడి మూతపడతాయి, పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు. ఆ రోజుల్లో ఉధ్నా వైపు వెళితే ఎప్పుడూ ఉండే టకటక వినబడక వింతగా ఉంటుంది. అమ్మాయి నోట్‌బుక్‌లో దీపావళి మర్నాడు కూడా ఒక రీస్టార్ట్ ఉంది, సాయంత్రం ఆరు నలభైకి. మగ్గాల మీద వేసిన నింద అక్కడితో పోయింది. మొత్తం ఊరి వోల్టేజే పడుతుంటే మా ఇంట్లోనూ, పక్కవాళ్ళ ఇంట్లోనూ కంప్యూటర్లు ఆరాలి కదా, అవేమీ ఆరలేదు.

మర్నాడు మిషను మొత్తం మా ఇంటికి తెచ్చాం. మానిటర్, కీబోర్డు, పవర్ కేబుల్ అన్నీ వాళ్ళవే. మా ఇంట్లో గోడ ప్లగ్గు పక్కనే బల్ల ఉంది, నేరుగా పెట్టేశాం. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడున్నర దాకా వీడియోలు, ప్రోగ్రాములు ఆపకుండా నడిపింది. ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. ఇంకో సంగతి: "మేడమ్, ఇంట్లో క్యాబినెట్ స్క్రూకి వేలు తగిలితే జివ్వుమంటుంది, ఇక్కడ అనడం లేదు" అంది. అది నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు. ఏ గడిలో రాయాలో తెలియక రాయలేదట.

ఇప్పుడు దుకాణం మాట మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. అక్కడ రెండుసార్లు బాగా నడిచింది. అది అమ్మాయి మీద నేరంగా వచ్చింది గానీ, నిజానికి ఆమె తరఫు సాక్ష్యం. బిగించడంలో తేడా ఉంటే దుకాణంలోనూ తెర నల్లబడాలి. మిషను బాగుంది, దానికి ఆ ఇంట్లో కరెంటు చేరే దారిలో ఏదో ఉంది.

ఆ దారిలో మిగిలినవి రెండే: గోడ ప్లగ్గు, దాని నుంచి బల్ల దాకా వచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సు. ముందు బాక్సు తీసేద్దామంటే కేబుల్ అందలేదు, బల్ల జరపాలంటే మంచం అడ్డం. నాన్నగారు గొణుక్కుంటూనే మంచం తనే జరిపారు. గోడకు నేరుగా పెట్టాక రెండు సాయంత్రాలు ఏమీ కాలేదు. మూడో సాయంత్రం, శనివారం, బాక్సు మళ్ళీ మధ్యలో పెట్టి అందరం కూర్చున్నాం. అరగంటైనా ఏమీ కాలేదు. అప్పుడు అమ్మాయి నోట్‌బుక్‌లో ఐదో గడి పైకి చదివింది. "అమ్మ దీపం పెడుతోంది. అమ్మ తలుపులు వేస్తోంది. అమ్మ దోమల మిషను పెడుతోంది. తమ్ముడు ఫోన్ ఛార్జింగ్ పెడుతున్నాడు. అమ్మ దోమల మిషను పెడుతోంది."

నాన్నగారు లేచారు. దోమల మందు మిషను తీసుకుని బాక్సులో రెండో ప్లగ్గులో పెట్టి నొక్కారు. తెర నల్లబడింది, మళ్ళీ వెలిగింది. తీశారు, పెట్టారు. ఈసారి ఆరిపోయింది.

ప్లగ్గులు పీకి, బాక్సు విప్పి చూశారు. లోపల ప్లగ్గు పిన్నులను పట్టుకునే ఇత్తడి రేకులు వదులై విచ్చుకుపోయి ఉన్నాయి. ఒకచోట నల్లగా మాడి, దాని పక్క ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. మూడు రంధ్రాలున్న బాక్సులోకి వచ్చే తీగలు రెండే, ఎర్త్ తీగే లేదు. అందుకే క్యాబినెట్ జివ్వుమంది. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు రేకు మీదికి వస్తుంది, మామూలుగా అది ఎర్త్ దారిన పోతుంది. దారి లేకపోతే వేలి దారిన పోతుంది.

పక్కన ప్లగ్గు నొక్కినప్పుడు కంప్యూటర్ ప్లగ్గు కదిలి కరెంటు తెగేది, రెప్పపాటు కన్నా తక్కువ సేపు. మనకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్, అంటే ఒక్కో ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం, కరెంటు తెగితే ఎస్ఎంపీఎస్ తన దగ్గరున్న నిల్వతో 16 మిల్లీసెకన్ల వరకు నెట్టుకు రావాలి. లోడు తక్కువైతే మరికొంత సేపు నిలుస్తుంది. అది దాటితే "పవర్ గుడ్" అనే సంకేతం పడిపోతుంది, మదర్‌బోర్డు ఉన్నపళాన రీసెట్ అవుతుంది. వెంటనే కరెంటు అందితే రీస్టార్ట్. ఇంకొంచెం సేపు తెగి స్టాండ్‌బై కూడా పోతే ఆరిపోయి అలాగే ఉంటుంది. నోట్‌బుక్‌లో ఆరు ఒక మాట, మూడు ఒక మాట ఎందుకు ఉన్నాయో అప్పుడు అర్థమైంది. రెండు జబ్బులు లేవు, ఒక్కటే జబ్బు, కాసేపు తక్కువగా, కాసేపు ఎక్కువగా. ఫోన్‌కు బ్యాటరీ ఉంది, దోమల మిషనుకు వెచ్చదనం చాలు, టేబుల్ ఫ్యాను ఆ ఊపులో తిరుగుతూనే ఉంటుంది. ఆ బల్ల దగ్గర కరెంటు తెగినట్టు గమనించగలిగిన వస్తువు కంప్యూటర్ ఒక్కటే. గమనించిన నేరానికి దాన్నే అనుమానించారు.

ఆ బాక్సు వాళ్ళతో రెండు బదిలీలు తిరిగింది. దాని వెనక "కార్టన్ 14" అని మార్కర్ రాత ఇంకా ఉంది. బదిలీల ఇళ్ళల్లో ఏదైనా తేడా వస్తే కొత్తదాని మీదికే పోతాం. కొత్త ఊరి నీళ్ళు పడలేదంటాం, కొత్త బడి బాగాలేదంటాం, కొత్త స్నేహితుల వల్లే చెడిపోయాడంటాం. మనతో వచ్చినదాన్ని అనుమానించడానికి మనసొప్పదు, అది ఇంట్లో మనిషి లాంటిది. నేనైతే ఆ మాడిన రేకు చూశాక మా ఇంట్లో ఉన్న మూడు బాక్సులూ అదే రాత్రి విప్పించాను.

యూపీఎస్ కొంటే సరిపోయేది కదా అని తర్వాత ఒకరిద్దరు అన్నారు. నిజమే, యూపీఎస్‌ను ఆ బాక్సులోనే పెట్టి ఉంటే తెర మళ్ళీ నల్లబడేది కాదు. రేకు మాత్రం పరదా పక్కన రోజూ మాడుతూనే ఉండేది. 2019 మే 24న ఇదే సూరత్‌లో, సర్తాణాలోని తక్షశిల ఆర్కేడ్ అగ్నిప్రమాదంలో పై అంతస్తులో క్లాసులకు వచ్చిన పిల్లలు సహా 22 మంది పోయారు. ఆ తర్వాత ఈ ఊళ్ళో ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మీ బల్ల కింద ఉన్న బాక్సును ఒకసారి చేత్తో తాకి చూడండి. వేడిగా ఉన్నా, ప్లగ్గు ఊగుతున్నా, చిటపటమన్నా పెద్దవాళ్ళను పిలవండి. మీరు విప్పకండి.

నాన్నగారు అమ్మాయికి సారీ ఏమీ చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి మూడు తీగల, ఐఎస్ఐ గుర్తు ఉన్న బాక్సు తెచ్చారు. పాతదాని తీగను రెండు ముక్కలు చేసి, ఎవరూ ఏరుకుని వాడకుండా చెత్తలో వేశారు. లాప్‌టాప్ మాట మళ్ళీ ఎత్తలేదు. పది రోజుల తర్వాత ఆఫీసులో ప్రింటర్ ఊరికే ఆగిపోతోందని, ఆ నోట్‌బుక్‌లో గళ్ళు ఎలా గీశావో చూపించమని అడిగారట. ఆగిపోతోందా, ఆరిపోతోందా అని అమ్మాయి ఎదురు ప్రశ్న వేసిందట.

ప్రాజెక్టు ఒక గ్రంథాలయం లెక్కల ప్రోగ్రాం, జనవరిలోనే పూర్తయింది. ఏప్రిల్‌లో, బోర్డు పరీక్షలు కాగానే, వాళ్ళకు ఆర్డర్ వచ్చింది. సామాన్లు సర్దేటప్పుడు నేను వెళ్ళాను. ఫైళ్ళన్నీ వేరే డ్రైవులోకి నకలు తీసి, ఆ డ్రైవును తన చేతిసంచిలో పెట్టుకుంది. ప్రాసెసర్ మీది కూలర్ బరువు లారీ కుదుపులకు వేలాడకుండా క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, బోర్డు నేలకు సమాంతరంగా ఉండేలా థర్మోకోల్ మధ్య పెట్టింది. ఏది పైవైపో అట్టపెట్టె మీద నాలుగు పక్కలా బాణాలు వేసింది, లారీవాళ్ళు బాణాలు చూస్తారనే నమ్మకం నాకు లేదు గానీ. తమ్ముడు సామాన్ల జాబితా రాస్తున్నాడు. కంప్యూటర్ ఒకటి, మానిటర్ ఒకటి, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి అని రాసి, బాక్సు పక్కన అది కొన్న నెల, సంవత్సరం కూడా వేశాడు.